మందు ఎరగని పురుగులు

జనవరి 19

అక్కా,

క్షేమంగా చేరి వారమైంది. బస్సు దిగేసరికే పొద్దెక్కింది. గదికి వెళ్ళి స్నానం చేసి ల్యాబుకి వెళ్దామనుకున్నాను గానీ, దోమల తాత మనవరాలికి జ్వరమని ఆయన సెలవు పెట్టాడని తెలిసింది. పురుగులకి సెలవులుండవు కదా. మీ నర్సరీలో తిరిగిన బట్టల్తోనే, నువ్వల్లిన స్వెటర్‌తోనే, సంచి భుజాన వేసుకుని తిన్నగా ల్యాబుకి పరిగెత్తాను.

దోమల తాత గురించి నీకెప్పుడూ చెప్పలేదు కదూ? పైర్ల మీది తెల్లదోమని చంపే మందుల్ని పరీక్షించే మా ల్యాబులో, ఆ తెల్లదోమని కన్నబిడ్డలా పెంచే మనిషి ఆయన. మా దగ్గర ఒక గది ఉంది. అందులో వంగ మొక్కల మీద బతికే దోమలు గానీ, వాటి అమ్మలు, అమ్మమ్మలు గానీ ఏనాడూ ఏ మందూ రుచి చూడలేదు. తాత ఉద్యోగంలో చేరిన రోజునుంచీ వాటిని అలాగే కాపాడుకొస్తున్నాడు. ఎందుకంటావేమో. పొలంలో దోమ మందుకి మొండిదైపోయిందా లేదా అని తేల్చాలంటే పక్కన ఒక అమాయకురాలు ఉండాలి. ఇద్దరికీ అదే మందు ఇస్తాం. మా అమాయకురాలు చచ్చి, పొలందోమ హాయిగా తిరుగుతుంటే అది మొండిదన్నమాట. కొట్టువాడికి తూకంరాయి ఎలాగో మాకు ఆ గది అలాగ.

లోపలికి తెల్లకోటు వేసుకునే వెళ్ళాలి. అందుకని స్వెటర్ విప్పి గది ముందు చిన్న నడవలో కొక్కేనికి తగిలించాను. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారులే. రోజూ అదే వేసుకెళ్తున్నాను. నువ్వు మాత్రం ఇంకోటి అల్లడం మొదలుపెట్టకు, చేతులు నొప్పెడతాయి.

బావకి నమస్కారాలు. నడుంనొప్పికి నూనె రాసుకోమను.

నీ తమ్ముడు


ఏప్రిల్ 6

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నా మాట సగంలో అందుకుని మిగతా సగం నువ్వే చెప్పేస్తావు. ఉత్తరంలోనైతే చచ్చినట్టు చివరిదాకా వినాలి. పైగా ఈ డబ్బా ఎలాగూ పంపాలి. జాగ్రత్తగా విప్పు. లోపల టమాటా ఆకులు, వాటి అడుగున తెల్లదోమ పిల్లలు ఉన్నాయి. చుట్టాల్లా చూసుకో.

స్వెటర్ రోజూ వేసుకుంటున్నావన్నావు, కడుపు నిండింది. నర్సరీలో దోమని పట్టే జిగురు అట్టలు కొనడానికి వెళ్తే పక్క కొట్లోనే ఆ ఊలు కనపడింది. అట్టలు ఎంత పసుపో ఊలూ అంత పసుపు. నర్సరీదాని తమ్ముడివని నలుగురికీ తెలియాలిగా.

నవ్వులు అంతటితో సరి. ఇక్కడ పరిస్థితి బాగాలేదు. నారు పెంచే నెట్ పందిట్లోకి అడుగుపెట్టి ఒక మొక్కని తాకితే చాలు, పిండి చల్లినట్టు లేస్తున్నాయి. మన నారు తీసుకెళ్ళిన పొలాల్లో ఈ దోమ మోసుకెళ్ళే ఆకుముడత తెగులు పడింది. ఆకులు గిన్నెల్లా ముడుచుకుని మొక్క అక్కడికక్కడే గిడసబారిపోతోంది. మీసాలాయన గుర్తున్నాడా? ఏటా మన మొదటి నారు ట్రేలు ఆయనవే. నిన్న ట్రాక్టరు నిండా ఆ మొక్కలు పీక్కొచ్చి మన గేటు ముందు పోసి వెళ్ళాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తుంటే, వాటిని ఎత్తి పారెయ్యడానికి బయటికి వెళ్ళలేక తలుపు వెనకాలే నిలబడ్డాను. మీ బావే ఎత్తారు.

మందు కొడుతున్నా చావట్లేదంటారు మీ బావ. కొడుతున్నది నేను చూస్తూనే ఉన్నాను. మరి అదే మందు మొన్నటిదాకా పనిచేసింది కదా? నువ్వు పరీక్ష చేసి ఒక్క మాట చెప్పు. దోమ మొండిదైపోయిందంటే అది ఎవరి తప్పూ కాదని మీసాలాయనకి చెప్పుకుంటాం. నీ మాట కోసం కాచుకుని ఉంటాను.

మీ అక్క


జూన్ 14

అక్కా,

ఆలస్యమైంది, క్షమించు. నువ్వు పంపిన దోమల్ని ముందు పెంచి, సంఖ్య పెరిగాక పరీక్షించాలి. మా సంస్థ ముద్రతో ఫలితం వేరే కాగితంలో జతచేశాను. అందులో భాష నీకు అర్థం కాదు కాబట్టి మామూలు మాటల్లో చెప్తాను.

మీ దోమ మొండిది కాదు. మా గదిలో అమాయకులు ఏ మోతాదుకి చచ్చాయో మీవీ ఆ మోతాదుకే చచ్చాయి. తేడా లేనే లేదు. అసలు ఈసారి రెండింటికీ మందు కాస్త ఎక్కువే పట్టింది. మా మందుసీసా పాతబడి బలం తగ్గినట్టుంది. అయినా ఇద్దరికీ అదే సీసా కాబట్టి ఫలితం మారదు.

కాబట్టి లోపం మందులో లేదు, పురుగులో లేదు. కొట్టడంలో ఉంది. తెల్లదోమ కాపురమంతా ఆకు అడుగునే. పైపైన తడిపితే దానికి వాన నుంచి తలదాచుకున్నంత సుఖం. వంగి, పంపు గొట్టం పైకి తిప్పి కొట్టాలి. బావకి నడుం వంగదని నాకు తెలుసుగా! ఏమీ అనుకోవద్దని చెప్పు. మొహమాటపడితే పని జరగదని రాస్తున్నాను.

వర్షాలు పడ్డాయా?

నీ తమ్ముడు


జూన్ 27

తమ్ముడూ,

నీ కాగితం వచ్చిన రోజు రైతులందరూ గేటు దగ్గరే ఉన్నారు. కవరు మీద ముద్ర చూసి పొంగిపోయి, ముందు నేను చదువుకోకుండానే అందరి ముందూ చింపి నీ ఉత్తరం గట్టిగా చదివేశాను. సగానికి వచ్చేసరికి ఆగిపోయాను. మీసాలాయన, "ఆపావేమ్మా, చదువు" అన్నాడు. చదివాను.

"అంటే మందు మంచిదే. దోమా మామూలు దోమే. మరి మా పొలాలు ఎందుకు పాడయ్యాయమ్మా?" అన్నాడాయన. వెనకనుంచి ఎవరో, "పంపులో మందుంటే కదా, నీళ్ళుంటే దోమ స్నానం చేసి పోతుంది" అన్నారు. అందరూ నవ్వారు. మీ బావ పక్కనే నిలబడి ఉన్నారు. తల ఎత్తలేదు. పంపు తీసుకెళ్ళి శుభ్రంగా కడిగి, షెడ్డులో బోర్లించి వచ్చారు. అప్పటినుంచీ దాన్ని ముట్టుకోలేదు. పడక కూడా ట్రేలు సర్దే షెడ్డులోకి మార్చుకున్నారు.

నీతో కాబట్టి చెప్తున్నాను. నేను ఇంకో పని కూడా చేశాను. ఏప్రిల్‌లోనే, నీకు ఆకులు పంపాక, మందుసీసా మీద మందు ఉన్నంత మేరకి మేకుతో ఒక గీత గీశాను. ఆయనకి తెలియకుండా. కొట్టినప్పుడల్లా తగ్గుతోందా లేదా చూడ్డానికి. మొదటిసారి చూసినప్పుడు గీత కిందికి దిగే ఉంది, ఆ తర్వాత మళ్ళీ చూడలేదు. అయినా నీ కాగితం చదివాక, పంపులో పోయకుండా ఎక్కడన్నా పారబోస్తున్నారేమో అనిపించింది. కట్టుకున్న మనిషి మీద ఇలాంటి అనుమానం వచ్చినందుకు సిగ్గుగా ఉంది. అనుమానం పోనందుకు ఇంకా సిగ్గుగా ఉంది.

ఒక్కమాట అడగనా? మీ పరీక్షల్లో పొరపాట్లు జరగవా?

అక్క


జూలై 5

అక్కా,

పొరపాటు జరగదా అని అడిగావు. నీ బాధ అర్థమైంది కాబట్టి తప్పుగా తీసుకోను. కానీ సొంత మనుషులకి ఒకరకంగా, బయటివాళ్ళకి ఒకరకంగా వచ్చే ఫలితం కాదిది. బావకి అనుకూలంగా రాయాల్సిందని నీ ఉద్దేశమైతే, ఆ పని నాచేత కాదు. ఒకటికి రెండుసార్లు చేసి చూశాకే రాశాను.

సీసా మీద గీతలు గీసుకుని కుళ్ళిపోవడం దేనికి? తేలిగ్గా తేలిపోయే దారుంది. అందర్నీ పిలిచి వాళ్ళ కళ్ళముందే బావచేత కొట్టించు. సీసా మూత వాళ్ళచేతే తీయించు. ఆకు అడుగు పూర్తిగా తడవాలి. దోమ రాలిపోతే ఇకముందైనా నమ్ముతారు.

బావ మీద నాకు కోపం లేదని చెప్పు.

తమ్ముడు


జూలై 21

నువ్వు చెప్పినట్టే చేశాం.

ఆయన వద్దన్నారు. "నిరూపించుకోవాల్సిన అవసరం నాకు లేదు" అన్నారు. నేనే పోరాను. నీ ఉత్తరం చూపించాను. తమ్ముడు కూడా మన మంచికే చెప్తున్నాడు, ఒక్కసారి కొట్టండి, అందరి నోళ్ళూ మూతపడతాయి అన్నాను. సరే అని పంపు తీశారు.

ఆ రోజు గాలి లేదు. నెట్‌లో ఊపిరాడనంత ఉక్క. మూత మీసాలాయనే తీశాడు, ఆయనే కొలిచి పోశాడు. మీ బావ ముక్కుకి గుడ్డ కట్టుకోబోతే ఎవరో, "మొహం దాచుకుంటున్నాడు చూడు" అన్నారు. ఆ గుడ్డ విప్పి అవతల పారేశారు. నేను చూస్తూనే ఉన్నాను. కట్టుకోండి అనలేదు. వీళ్ళ ముందు గొడవెందుకులే అనుకున్నాను.

వంగి, ప్రతి ఆకుకీ అడుగున కొట్టారు. ఆ నడుంతోనే. దోమ లేచింది, తిరిగింది, మళ్ళీ వచ్చి అదే ఆకుల మీద కూచుంది. "ఇంకాస్త గట్టిగా కలుపు" అన్నారు రైతులు. మీ బావ కలిపి మళ్ళీ కొట్టారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. రెండో వరస మధ్యలో పంపు దించి కింద కూచున్నారు. "నాటకం మొదలైంది" అని ఎవరో అన్నారు. ఆ మాట పూర్తవకముందే వాంతి చేసుకుని ట్రేల మీదికి ఒరిగిపోయారు. నోట్లోంచి నురగ.

ఆసుపత్రిలో పెట్టాం. ప్రాణభయం లేదన్నారు. ఇంటికి తెచ్చాం. ఇంకా చేతులు వణుకుతున్నాయి, నీళ్ళగ్లాసు నేనే పట్టాలి. పట్టుకుంటే తాగుతారు. నా వైపు చూడరు.

ఒరేయ్, నీళ్ళు కొడితే మనిషి పడిపోతాడా? నిలువెత్తు మనిషిని పడగొట్టిన మందు, రవ్వంత పురుగుని పడగొట్టలేకపోయిందంటే తప్పు మనిషిదెలా అవుతుంది? చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు.


ఆగస్టు 16

అక్కా,

నీ ఉత్తరం చదివాను. నా పరీక్షే తప్పయి ఉండొచ్చని ఒప్పుకోవడానికే రెండు రోజులు పట్టింది.

మా గదిలోంచి దోమ పిల్లల్ని తీసుకెళ్ళి పెంచుకుంటున్న ల్యాబు ఇంకోటి ఉంది. చాలా ఏళ్ళ కిందట తాతే వాళ్ళకి ఇచ్చాడు. వాళ్ళని బతిమాలి కొన్ని దోమల్ని తెప్పించాను. కొత్త మందుసీసా తెప్పించాను. మూడింటినీ పక్కపక్కన పెట్టి పరీక్షించాను. వాళ్ళవి చచ్చాయి. మీవి బతికాయి. మావి కూడా బతికాయి.

మా గదిలో అమాయకులు ఇప్పుడు లేవు. బయటి మొండిదోమ ఎలాగో లోపలికి చేరి వాటిని తోసేసి ఆ స్థానంలో కూచుంది. మొండిదాన్ని మొండిదానితో పోల్చి తేడా లేదని రాశాను. పాపం పాతసీసా మీదకి నెట్టాను.

బావ చెప్పిందే నిజం. ఇంకో సంగతి కూడా ఆయనకి చెప్పు. అదే మందు పదేపదే కొడితే చచ్చేవన్నీ చస్తాయి, చావనివాటి పిల్లలే మిగులుతాయి. ఆయన సరిగ్గా కొట్టలేదని కాదు, సరిగ్గా కొట్టారు కాబట్టే మొండివి తప్ప ఏమీ మిగల్లేదు. ఇక ఆ మందూ, ఆ జాతి మందులూ ఆపెయ్యండి. పాత మొక్కలన్నీ పీకి తగలబెట్టండి. నెట్ కొన్నాళ్ళు ఖాళీగా ఉంచండి. పసుపు అట్టలు ఎక్కువ కట్టండి. తర్వాత వేరేరకం మందులు మార్చి మార్చి వాడాలి, ఏవో నేను రాస్తాను.

సంస్థ తరఫున కాగితం విడిగా వస్తుంది. బయటిదోమ ఎలా చేరిందో ఇంకా తెలియలేదు. వలలో ఎక్కడో కన్నం పడి ఉంటుంది.

బావని చూడ్డానికి రావాలనుంది. ఏ మొహం పెట్టుకుని రాను?

తమ్ముడు


సెప్టెంబరు 2

తమ్ముడూ,

నీ ఉత్తరం ఆయన మంచం పక్కన కూచుని చదివాను. "మొండివి తప్ప ఏమీ మిగల్లేదు" అన్న చోట కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను. కాసేపటికి, "వాడి ఉద్యోగానికేం కాదు కదా, కనుక్కో" అన్నారు. ఇన్నాళ్ళలో నాతో అన్న పెద్దమాట అదే. అదీ నీ గురించే.

కానీ ఇక్కడ ఏమీ తేలలేదురా. మీ సంస్థ కాగితం వచ్చింది. "కొన్ని అనివార్య కారణాల వల్ల గత ఫలితాన్ని పునఃపరిశీలించవలసి ఉన్నది" అని ఉంది. మీసాలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తప్పు చేసినవాడు ఎలా చేశాడో చెప్తాడు. ఇది తమ్ముడు అక్క కోసం మార్పించిన కాగితం" అన్నాడు. అందరూ అదే అంటున్నారు. మీ బావ మొన్న కాస్త ఓపిక చేసుకుని గేటుదాకా నడిచి వెళ్తే, అక్కడ మాట్లాడుకుంటున్నవాళ్ళు మాట ఆపేశారు. వెనక్కి వచ్చేశారు.

కన్నం ఎక్కడుందో దొరికిందా? దొరికితే ఆ సంగతి రాయించు. పాపం మీ దోమల తాత ఎంత బాధపడుతున్నాడో. అన్నాళ్ళు పెంచుకున్నవి కదా. ఆయనకి నేనేం చెయ్యగలను! నీ స్వెటర్ ఊలు ఇంకా మిగిలి ఉంది, అదే పసుపు. ఆయనకి కూడా ఒకటి మొదలుపెట్టాను. వీపు అయిపోయింది, చేతులే ఉన్నాయి. ఆయన భుజాల కొలత పంపు.

అక్క


సెప్టెంబరు 9

అక్కా,

అల్లడం ఆపెయ్యి. తాతకి ఆ రంగు పంపకు.

వలలో కన్నం లేదు. లేదని నాకు ముందే తెలుసు. తాతకి తెలియదు. నేను కన్నం అన్న రోజునుంచీ ఆయన చేతిలో భూతద్దం పట్టుకుని, స్టూలెక్కి, గదిలో వలంతా అంగుళం అంగుళం వెతుకుతున్నాడు. "నా కళ్ళు మందగించాయి, నేనే చూసుకోలేదు" అని కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు. నేను ఆ స్టూలు పట్టుకుని నిలబడ్డాను. ఇక్కడ తాత, అక్కడ బావ, ఇద్దరూ చెయ్యని తప్పుకి తలొంచుకుంటే నేను మాత్రం తెల్లకోటు వేసుకుని తిరిగాను.

తెల్లదోమకి పసుపంటే ప్రాణం. ఆ సంగతి నీకూ తెలుసు, అందుకే అట్టలు కడతావు. మా ల్యాబులో ఉద్యోగంలో చేరిన రోజే చెప్తారు: పసుపు బట్టలు వేసుకుని ఆ గది దరిదాపులకి రాకూడదు. పొలం నుంచి వచ్చిన రోజైతే అసలు రాకూడదు. నువ్వు స్వెటర్ ఇచ్చినప్పుడే ఈ మాట చెప్పాల్సింది. నువ్వు దాన్ని నా భుజాల మీద పెట్టి కొలత చూసుకుని మురిసిపోతుంటే నోరు రాలేదు. అదే తొడుక్కుని మీ నెట్‌లో తిరిగాను. అదే తొడుక్కుని ల్యాబుకి వెళ్ళాను. వెళ్ళి, గది తలుపు పక్కనే కొక్కేనికి తగిలించాను. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారని రాశాను కదూ? ఆ రోజు ల్యాబులో ఎవరూ లేరు. మర్నాడు ఇంట్లో పెట్టెలో పెట్టేశాను, మళ్ళీ ఒక్కసారి కూడా వేసుకోలేదు. రోజూ వేసుకుంటున్నానన్నది అబద్ధం.

మీ దోమలే నా వీపు మీద ఎక్కి వచ్చి మా గదిలో చేరాయి. బయటి మగదోమలు మా ఆడదోమల చుట్టూ మూగి, వాటి మగవాటిని దగ్గరికి రానివ్వవు. అలా కొన్ని తరాల్లో మావి అంతరించిపోయాయి. జూన్‌లో మందు ఎక్కువ పట్టిందని చూసినప్పుడే నాకు ఒక్క క్షణం స్వెటర్ గుర్తొచ్చింది. నిజం, ఒక్క క్షణం గుర్తొచ్చింది. వెంటనే సీసా పాతదని అనేసుకున్నాను. అలా అనుకోవడం హాయిగా ఉంది. ఆ హాయి కోసం బావని అందరి ముందూ నిలబెట్టాను.

ఈ ఉదయం తాతకీ, పెద్దసారుకీ అంతా చెప్పేశాను. తాత, "పసుపా?" అని మాత్రం అడిగాడు. ఆయన అన్నాళ్ళు పెంచిన బోన్లన్నీ ఇప్పుడు పనికిరానివే కాబట్టి ఆయనే ఒక్కొక్కటీ తీసుకెళ్ళి దోమలు చచ్చేలా ఫ్రీజరులో పెట్టి మూశాడు. సాయం చేస్తానంటే వద్దన్నాడు. ఆ ఇంకో ల్యాబు నుంచి వచ్చిన దోమలతో మళ్ళీ మొదలుపెడతాడట. నన్ను ఆ పని నుంచి తప్పించారు. ఉద్యోగం సంగతి విచారణ తర్వాత తేలుతుంది. బావకి చెప్పకు, అడిగితే బాగానే ఉన్నానని చెప్పు. కాదు, అబద్ధాలు చాలు. ఉన్నదే చెప్పు.

ఈ ఉత్తరం గేటు దగ్గర అందరికీ చదివి వినిపించు. బావ కూడా ఉండాలి. ఏ ముక్కా వదలొద్దు. నమ్మకపోతే చూపించడానికి స్వెటర్ కూడా పంపుతున్నాను. పారెయ్యడానికి నాకు చేతులు రావట్లేదు.

తమ్ముడు


సెప్టెంబరు 24

తమ్ముడూ,

చదివాను. గేటు దగ్గర కుర్చీ వేసి ఆయన్ని కూచోబెట్టి, అందర్నీ పిలిచి చదివాను. "ఒక్క క్షణం గుర్తొచ్చింది" అన్న దగ్గర ఆగిపోయాను. మీసాలాయన నా చేతిలోంచి కాగితం తీసుకుని మిగతాది ఆయనే చదివాడు. చివరికి నేను స్వెటర్ పైకెత్తి చూపించాను. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. మీసాలాయన మీ బావ ముందుకి వెళ్ళి చేతులు కట్టుకుని, "తప్పయింది" అన్నాడు. మీ బావ, "ట్రాక్టరు దారికి అడ్డంగా పెట్టావు, ముందు అది తియ్యి" అన్నారు.

స్వెటర్ ఉతికి దాచిపెట్టాలనుకున్నాను. మీ బావ అడిగి తీసుకున్నారు. వణికే చేతుల్తోనే రెండు కర్రలు అడ్డంగా కట్టి దానికి తొడిగి, అట్టలకి పూసే జిగురు పూసి, ఖాళీ నెట్ మధ్యలో పాతారు. మిగిలిన దోమంతా దాని మీదే వాలుతోంది. మర్నాటికి పసుపు కనపడలేదు, తెల్లటి చొక్కా వేసుకున్న మనిషి నిలబడ్డట్టే ఉంది. చూసిన ప్రతివాళ్ళూ అదెవరిదని అడుగుతున్నారు. "మా బావమరిదిది" అంటారు. అంతకంటే ఒక్కమాట ఎక్కువ చెప్పరు. నిన్ను క్షమించారో లేదో నేనడగలేదు. అడిగే మొహం నాకు లేదు. నీ కాగితం నమ్మి ఆయన్ని నమ్మనిది నేను. ముక్కుగుడ్డ కట్టుకోండని అననిది నేను. దానికి నువ్వు బాధ్యుడివి కాదు.

నిన్న షెడ్డు ఊడుస్తుంటే ఆ మందుసీసా కనపడింది. ఎవరికీ తగలకుండా పాతిపెడదామని తీశాను. నేను మేకుతో గీసిన గీత పైన ఉంది. దాని కింద ఇంకో గీత ఉంది. దాని కింద ఇంకోటి. అలా అడుగుదాకా ఉన్నాయి. నేను గీసింది ఒక్కటేరా. మిగతావన్నీ తిన్నగా, ఒకే పొడుగులో, కొట్టిన ప్రతిసారీ మందు ఎక్కడికి దిగిందో సరిగ్గా అక్కడ గీసి ఉన్నాయి.

సీసా పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయనే అన్నారు, "నువ్వు ఒకటే గీసి వదిలేశావు. నీకు లెక్క తెలియాలి కదాని నేను గీశాను."

తెలిసీ అన్నాళ్ళూ ఒక్కమాట అనలేదు. నేను చూస్తానని, చూసి నమ్ముతానని గీస్తూ పోయారు. నేను పైగీత తప్ప కిందికి చూడలేదు.

ఈ పూట గ్లాసు ఆయనే పట్టుకున్నారు. సగం ఒలికింది. అందించబోతే వద్దన్నారు. నువ్వు రా. నువ్వొస్తే ఆయన కనీసం నీతోనైనా మాట్లాడతారు, నేను పక్కన కూచుని వింటాను.

మీ అక్క